మెయిన్ ఆపిన పూట

నూలు అయిపోయిన కండెను సాయిలు ఎడమ చేత్తో గుంజి పారేశాడు. నిండు కండెను అటూ ఇటూ పరిగెత్తే నాడెలో గుచ్చి, పోగు కొసను నాడె కంట్లోంచి నోటితో పీల్చి బయటికి లాగాడు. నాడెను సాంచాలో, ఆ కరెంటు మగ్గంలో, పెట్టి హ్యాండిల్ ఎత్తాడు. అది కొట్టుకోవడం మొదలయ్యేసరికే పక్క సాంచా మీదికి వంగి ఉన్నాడు. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. పోగులు పీల్చీ పీల్చీ ముందు పళ్ల సందుల్లో గీతలు పడ్డాయి. కింది పెదవి మీద ఎప్పుడూ ఒక పోగు ముక్క అంటుకుని ఉంటుంది, ఊస్తాడు, మళ్లీ అంటుకుంటుంది. ఎప్పుడూ ఒక పక్కకే వంగడం వల్ల కుడి భుజం కిందికి దిగిపోయింది. పాలిస్టర్ దుమ్ము కనురెప్పల మీద పేరుకుని, మనిషి అప్పుడే ముసలివాడైనట్టు కనబడతాడు.

సాయిలు గురించి సిరిసిల్లలో చెప్పుకునేదేమీ లేదు. తాగి రోడ్డు మీద పడలేదు, సాంచాల ఊరు భీవండి పోయి పేరు తెచ్చుకోలేదు, ఏ మీటింగులోనూ లేచి నిలబడి మాట్లాడలేదు. సాంచాలు నడిపాడు. అంతే. ఆ 'అంతే' మీద కూర్చుని ఎంతమంది మేడలు కట్టారో ఎవరూ లెక్క తీయరు.

ఆ రోజు మాత్రం షెడ్డు బయట షామియానా వేశారు. వేసింది షెడ్డు సొంతదారు, ఆసామి రవీందర్. వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని అతని కోరిక. గోడకు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో రవీందర్ మొహం చాటంత, చేతులు జోడించి, నవ్వుతూ. కింద మూలకు బొటనవేలంత బొమ్మ, హెల్మెట్ పెట్టుకున్న ఒక ఆడపిల్ల. ఇనుప జాలీ వెనక మొహమే కనబడదు. 'మన సిరిసిల్ల ఆణిముత్యం' అని రాశారు. అది సాయిలు బిడ్డ ప్రీతి. హాకీలో గోల్‌కీపర్. పెద్ద పెద్ద జట్లు ఆడే లీగులో ఆ సాయంత్రం ఆమె మొదటి మ్యాచ్. షామియానా కింద టీవీ పెట్టారు, కుర్చీలు వేశారు, చాయ్ పోస్తున్నారు.

మ్యాచ్ మొదలయ్యే ముందు రవీందర్ సాయిలును బయటికి పిలిపించాడు.

"సాయిలూ, ఇటు రా. గా చెమట తుడ్సుకో. శంకరవ్వా, నువ్వు గిటు దిక్కు నిలబడు. ఆఁ, నవ్వుండ్రి జర."

శాలువా కప్పారు. ఫోటో తీశారు. శాలువా మళ్లీ తీసుకున్నారు, ఇంకో ఫోటోకు కావాలట. సాయిలు భార్య శంకరవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టారు. సాయిలు కూడా ఒక కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"నువ్వేడ కూసుంటవ్? ఇయ్యాల బీము మీది బట్ట దిగాలె గద."

"నా బిడ్డ ఆడుతున్నది సేటూ. నేను సూడద్దా?"

"సూసి నువ్వేం జేస్తవ్? అది ఆడాలె, నువ్వు నడ్పాలె. ఎవలి పని వాళ్లది."

కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. సాయిలు లోపలికి వచ్చి సాంచాల మధ్య నిలబడ్డాడు. ఊరంతా అతని బిడ్డను చూస్తోంది, తండ్రి రవీందర్ బట్ట నేస్తున్నాడు. దీన్ని సన్మానం అంటారు.

సాంచాలు బాగుచేసే తాజుద్దీన్ తన ఫోన్‌లో మ్యాచ్ పెట్టి, సాయిలు నడిపే సాంచా చట్రానికి ఆనించి పోయాడు. బొమ్మ కనబడుతోంది. మాట వినబడదు. ఆ షెడ్డులో ఏ మాటా వినబడదు.

ముందు రోజు ప్రీతి ఫోన్ చేసినప్పుడు సంగతి సూటిగా చెప్పింది.

"బాపూ, గా ఫారిన్ కీపర్ కాలు మడతపడ్డది, అందుకే నన్ను దించుతున్రు. కాలుకు పట్టీ కట్టుకొని గామె బయటనే కూసుంటది. నేను మంచిగ ఆడితే ఉంచుకుంటరు. లేదంటే నడిమిట్లనే గామెను దించి నన్ను ఇంటికి తోలుతరు."

"ఇంటికస్తె ఏమైతది బిడ్డా?"

"కండెలు సుట్టుడైతది."



స్పోర్ట్స్ హాస్టల్‌లో ఈ పిల్లను గోల్‌లో నిలబెట్టింది కూడా ప్రేమతో కాదు. బంతి మొహానికి తగులుతుందని మిగతా పిల్లలు మేం నిలబడం అన్నారు. సిరిసిల్ల పిల్ల నిలబడింది. నాడె సాంచాలోంచి ఎగిరిపడితే కణత పగిలే షెడ్డులో పాకిన పిల్ల అది. దానికి బంతి ఏపాటి.

ఫోన్‌లో నీలం మైదానం. లావాటి ప్యాడ్లలో ప్రీతి, గోల్ ముందు వంగి, మోకాళ్లు విడిచి. సాయిలు ఒక సాంచాకు కండె మార్చి వచ్చి చూశాడు. ఇంకో దాంట్లో తెగిన పోగు ముడేసి వచ్చి చూశాడు. బంతి అటు చివర ఉంది. మళ్లీ పోయి వచ్చాడు. బంతి ఇటు చివరికి వచ్చింది.

అప్పుడు ప్రీతి తొడ మీద చేత్తో చరిచి, రెండు వేళ్లు కుడికి ఆడించింది.

సాయిలు గబుక్కున తన కుడివైపు తిరిగాడు. సాంచాలు బాగానే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. షెడ్డులో నోటితో పని లేదు, అంతా చేతుల మీదే. పిడికిలి ఎత్తితే పడుగు చుట్టిన బీము అయిపోతోందని. వేలు గుండ్రంగా తిప్పితే కండెలు తెమ్మని. తొడ చరిచి రెండు వేళ్లు ఆడిస్తే నీ వెనక, ఆ పక్క తెగింది చూసుకో అని. ప్రీతికి మాటలు రాకముందు ఈ చేతులు వచ్చాయి. కష్టం ముంచుకొస్తే దాని చెయ్యి లేస్తుంది, నోరు లేవదు.

ఆమె ముందున్న పొడుగాటి డిఫెండర్ వీపు తిప్పి నిలబడి ఉంది. వీపుకు కళ్లుండవు. అవతలి జట్టు పిల్ల ఆ కుడి పక్క నుంచే దూరింది. గోల్.

తాజుద్దీన్ బయట టీవీలో విని వచ్చి, సాయిలు చెవిలో అరిచాడు. "ఘబ్రా గయీ అంటున్రు అన్నా. భయపడ్డదట."

సాయిలు తల అడ్డంగా ఊపాడు. తొడ చరిచి రెండు వేళ్లు ఆడించి చూపాడు. తాజుద్దీన్ మొహం వాడిపోయింది.

"అరె. ఆడ గిది ఎవనికి తెలుస్తది అన్నా?"

రెండో గోల్ కూడా అట్లాగే పడింది. మళ్లీ చెయ్యి ఊపింది, మళ్లీ ఎవరూ చూడలేదు. బయట కుర్చీల్లోంచి నవ్వు లేచింది. నవ్వు వినబడలేదు గానీ, తలుపు సందులోంచి వంగిపోతున్న పొట్టలు కనబడ్డాయి. రవీందర్ లేచి రిమోట్ తీసుకున్నాడు. టీవీలో నీలం పోయి క్రికెట్ పచ్చగడ్డి వచ్చింది. షామియానా వాళ్లు వెనక వరుస కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టసాగారు.

శంకరవ్వ లోపలికి వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకోలేదు, ఏడవలేదు. సాయిలు చెవి పట్టుకుని అందులోకి అరిచింది.

"మూగదాని లెక్క నిలబడ్డది, ఇజ్జత్ దీసిందని అంటుండు. నా ముంగటనే అంటుండు గా రవీందర్‌గాడు."

సాయిలు ఫోన్ వైపు వేలు చూపాడు. విరామంలో జట్టు కెప్టెన్ వచ్చి ప్రీతి హెల్మెట్ జాలీ పట్టుకుని ఊపుతోంది. ఏదో తిడుతోంది. తన నోరు చూపి, ప్రీతి నోరు చూపి, మళ్లీ తిడుతోంది. వెనక బెంచీ మీద ఫారిన్ కీపర్ ప్యాడ్ల పట్టీలు బిగించుకుంటోంది. అదేమిటో చెప్పడానికి హిందీ రానక్కర్లేదు. ఇంకొక్కటి పడితే ఈ పిల్ల బయటికి, ఆమె లోపలికి.

పిల్లకు నోరు లేదట. ఎట్లా ఉంటుంది? పుట్టినప్పటి నుంచి సాంచాల కింద పెంచి, సాంచాల కన్నా గట్టిగా అరవలేవు కాబట్టి నోరు మూసుకో అని నేర్పి, ఇప్పుడు నోరేది అని అడుగుతున్నారు. సాయిలు చెవులు తిన్నది ఈ షెడ్డే. అవి చాలక పిల్ల నోరు కూడా తిన్నది. తిన్నవాడు బయట కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు.

ఆట మళ్లీ మొదలైంది. సాయిలు కండెలు మార్చడం మానలేదు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. ఒకసారి బంతి వచ్చింది, ప్రీతి కాలితో తన్నేసింది. ఇంకోసారి వచ్చింది, గోల్ కర్రకు తగిలి పోయింది. శంకరవ్వ కండెల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని కదలకుండా చూస్తోంది.

ఆట చివర్లో అవతలి జట్టుకు పెనాల్టీ కార్నర్, గోల్ మీదికి నేరుగా కొట్టే అవకాశం, దొరికింది. గోల్ గీత మీద ప్రీతి, పక్కన మాస్కులు తొడుక్కున్న నలుగురు. కెమెరా దగ్గరికి పోయింది. జాలీ వెనక ప్రీతి నోరు తెరిచి ఉంది.

అరుస్తోందా? ఆయాసపడుతోందా?

సాయిలు ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. సాంచాల మోత తప్ప ఏమీ లేదు. మోతకు అడ్డంగా కుక్కుకున్న నూలు ఉండలు రెండు చెవుల్లోంచి పీకి చట్రం మీద పెట్టాడు. మళ్లీ ఆనించాడు. మోత ఇంకా పెద్దదైంది. శంకరవ్వ కళ్లతో అడిగింది, ఏమంటోంది అని. తెలియదని అతను చెయ్యి తిప్పాడు. తన బిడ్డ నోరు తెరిచింది, అందులోంచి ఏమొస్తోందో తండ్రికి తెలియదు.

ఫోన్ ఆమె చేతిలో పెట్టి, సాయిలు గోడ దగ్గరికి నడిచాడు.

సాంచాలన్నిటికీ కరెంటు ఇచ్చే మెయిన్ హ్యాండిల్ మీద ఆసామి చెయ్యి వేయాలి, లేదా తాజుద్దీన్. కార్మికుడి చెయ్యి అక్కడికి పోదు. పోగు తెగితే ఒక్క సాంచా ఆగుతుంది. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి. ఒక మనిషి అనుకున్నందుకు షెడ్డు ఆగడం అనేది ఆ గోడల మధ్య ఎప్పుడూ జరగలేదు. సాయిలు హ్యాండిల్ పట్టుకుని కిందికి లాగాడు.

సాంచాలు ఒక్కొక్కటే చివరి దెబ్బ కొట్టి ఊరుకున్నాయి. బెల్టులు కాసేపు తిరిగి ఆగాయి. అవతలి వరుసలో పనిచేసే లచ్చయ్య కరెంటు పోయిందనుకుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు. ఆ నిశ్శబ్దంలో శంకరవ్వ చేతిలోని ఫోన్‌లోంచి సన్నగా, గీరుకుపోయిన ఒక గొంతు వచ్చింది.

"ఓ పొడుగుపిల్లా! నీ ఎనుక సూడవే, ఎనుక! గటు గాదే, కుడికి! కుడికి జరుగు! సెవులున్నయా లేవా నీకు?"

తాజుద్దీన్ స్పానర్ పట్టుకుని నిలబడిపోయాడు. శంకరవ్వ మెల్లగా అన్నది.

"గది నా నోరు."

ఆ డిఫెండర్‌ది హర్యానా. పక్కదానిది ఇంకో దేశం. ఒక్కతెకూ తెలుగు రాదు. కానీ ఆ గొంతు వీపుల మీద చరిచినట్టు పడింది. పొడుగుపిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగి కుడికి జరిగింది. బంతి ఆమె కర్రకు తగిలి పైకి లేచింది. ప్రీతి అడ్డంగా పడి ప్యాడ్‌తో తన్నింది. బంతి తిరిగి వచ్చింది. పడుకునే అరుస్తూ, తిడుతూ, చెయ్యి చాచి బయటికి నెట్టేసింది.

రవీందర్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఎవడ్రా మెయిన్ దీసింది?"

"నేనే."

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఎవన్నడిగి దీసినవ్?"

"సప్పుడు జెయ్యకు సేటూ," అన్నాడు సాయిలు. "బిడ్డ మాట్లాడుతున్నది."

ఆ షెడ్డులో రవీందర్‌ను ఎవరూ నోరు మూసుకోమనలేదు అప్పటిదాకా. అతను నోరు తెరిచి, ఫోన్ లోపలి గొంతు విని, తలుపు వైపు తిరిగి షామియానా వాళ్లకు కేకేశాడు. "అరే, కుర్సీలు ఉంచుండ్రి. మ్యాచ్ అయిపోలే ఇంకా."

అప్పటికే అయిపోవచ్చింది. రెండు గోల్స్ తేడాతో ప్రీతి జట్టు ఓడింది. మూడోది మాత్రం పడలేదు. బెంచీ మీద ఫారిన్ కీపర్ వంగి ప్యాడ్ల పట్టీలు విప్పుకుంటోంది. తాజుద్దీన్ ఫోన్‌కు చెవి ఆనించి విని తలెత్తాడు.

"అగ్లా మ్యాచ్ భీ యహీ అంటున్రు. వచ్చే మ్యాచ్ కూడ ప్రీతియే, వదినా."

శంకరవ్వ ఫోన్ అతనికి ఇచ్చేసి, బుట్ట మీది నుంచి లేచి చీరకు అంటిన నూలు దులుపుకుంది.

రవీందర్ గొంతు తగ్గించాడు. "మంచిగనే ఆడింది. గది వేరు. మెయిన్ మీద చెయ్యేసినోణ్ని రేపు ఊకుంటే, ఎల్లుండి అందరి చేతులు ఆడికే వోతయి. రేపటి సంది రాకు సాయిలూ."

"రాను."

సాయిలు బతిమాలలేదు, తిట్టలేదు. మేకుకు తగిలించిన చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి అతనికి కాసేపు పట్టింది, వేళ్లు పోగులకు అలవాటు పడ్డవి. శంకరవ్వ ముందు నడిచింది. షామియానా కింద ఎవరో కొత్తగా చాయ్ పోసుకుంటూ 'గాయన బిడ్డేనట' అన్నారు. ఆ మాట సాయిలుకు వినబడింది. ఆటో హారన్ వినబడింది. ఇటువైపు తిరిగి చూడకుండా అతను వీధి మలుపు దాటి వెళ్లిపోయాడు.

లోపల తాజుద్దీన్ మెయిన్ పైకి తోశాడు. సాయిలు సాంచాలను కూడా నడపమని లచ్చయ్యకు చెప్పారు. అతను వచ్చి ఒక్కొక్క హ్యాండిల్ ఎత్తాడు. షెడ్డు మళ్లీ మోతెత్తింది.

చట్రం మీద రెండు నూలు ఉండలు మిగిలాయి. చెమటకు నల్లబడి, చెవి లోపలి వంపు అచ్చుపడి, గట్టిబడిపోయిన ఉండలు. సాంచా కొట్టుకున్న ప్రతిసారీ అవి ఒక నూలు పోగంత చట్రం అంచు వైపు జరుగుతున్నాయి.