ఒక్క మాట మీద

ఆగండి. సెల్లు జేబులో పెట్టండి. షిఫ్టుకెళ్ళే వాళ్ళూ, క్లాసుకెళ్ళే వాళ్ళూ, ఎవరైనా సరే, ఒక్క పావుగంట ఆగి ఇది వినండి. మీ బస్సు పోతే ఇంకో బస్సొస్తుంది. ఈ సంగతి చెప్పేవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ దొరకరు.

ఫిబ్రవరి. మధ్యాహ్నం రెండు. ఇంగ్లండు తూర్పు ఒడ్డున, స్కార్‌నెస్ రేవులో, చేపల ఫ్యాక్టరీ గేటు ముందు షిఫ్టు మారుతోంది. సన్నగా జల్లు. లోర్నా బ్లాంచర్డ్ బయటికొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, పాతికేళ్ళుగా అదే లైన్లో నిలబడి చేపలకి ముళ్ళు తీస్తోంది, యూనియన్ ప్రతినిధి కూడా. గేటు పక్కన మాసన్ తెల్ల వ్యాను ఆగి ఉంది. మాసన్ అంటే కూలీల కాంట్రాక్టరు. లిథువేనియా నుంచి వచ్చిన ఆడవాళ్ళని ఫ్యాక్టరీలకి సరఫరా చేస్తాడు. వాళ్ళ పని వాడిదే, వాళ్ళ వ్యాను వాడిదే, వాళ్ళు పడుకునే ఇల్లూ వాడిదే.

వాళ్ళలో ఒకామె, డైవా, ఒక కాలు వ్యాను మెట్టు మీద పెట్టి ఆగింది. ఎడం చెయ్యి తలుపు చట్రం మీద ఉంది.

"జ్వరం వచ్చింది మాసన్. ఇంకో ఫ్యాక్టరీ, రెండో షిఫ్టు, నా వల్ల కాదు. ఇంటి దగ్గర దించు."

"ఇంటికా? నడిచి పో. ఈ వ్యాను పన్జేసే వాళ్ళకి."

"చలి. నాకు జ్వరం."

మాసన్ తలుపు లాగాడు. పక్కకి జారే ఇనప తలుపు అది. దడాల్న వచ్చి పడింది.

లోర్నా వ్యాను వెనక ఉంది. ఆమెకి మాసన్ వీపే కనబడింది. కానీ వినబడింది. మొదట డైవా కేక. తర్వాత మాసన్ గొంతు, మెల్లిగా, నవ్వుతున్నట్టుగా: "లెక్కపెట్టుకో, ఎన్ని మిగిలాయో."

మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. చేపలు కోసే మనిషికి వేళ్ళంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

చూసినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. అరవై దాటిన విన్నీ ఎదురుగా షెడ్డు కింద సిగరెట్ తాగుతోంది, ఆమెకి మాసన్ మొహం కనబడింది. ఇరవై రెండేళ్ళ కార్లీ బస్టాపులో ఉంది, దానికి డైవా చెయ్యి కనబడింది. ముగ్గురూ పోలీసులకి చెప్పారు. లోర్నా చెబుతుంటే ఆ కుర్ర పోలీసు మధ్యలో ఆపేశాడు. "విన్నది కాదు మేడమ్, మీరు చూసిందేంటో చెప్పండి." చూసింది వీపు. అదే రాసుకుని పోయాడు.

తర్వాత వారానికి పాలీన్ వచ్చింది. కోర్టు పక్క సందులో రెండు గదుల ఆఫీసు ఆమెది. దెబ్బలు తిన్నవాళ్ళకీ సాక్ష్యం చెప్పేవాళ్ళకీ అండగా ఉండటమే ఆమె ఉద్యోగం, కౌన్సిల్ డబ్బుతో నడుస్తుంది. క్యాంటీన్లో కూర్చుని, కోటు కూడా విప్పకుండా, అంతా విన్నది.

"ఆ మాట మీరు విన్నారా? ఖచ్చితంగా విన్నారా?" అంది లోర్నాతో.

"నా చెవుల్లో ఇంకా ఉంది."

"అయితే అది కాగితం మీదకి రావాలి. నేను పోలీసులతో మాట్లాడి మీ దగ్గర ఇంకోసారి రాయిస్తాను. అదొక్కటి చాలు, కావాలనే చేశాడని తేలిపోతుంది. విచారణకి ముందు మళ్ళీ వస్తా. కోర్టులో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూర్చుని చెప్తాను. మిమ్మల్ని పక్క తలుపులోంచి తీసికెళ్తా. ఆ తాళం నా దగ్గరే ఉంటుంది. మాసన్ మనుషుల మొహం కూడా చూడక్కర్లేదు."

"నువ్వు మా పక్కనే ఉంటావా తల్లీ?" అంది విన్నీ.

"మీరు విసుక్కునేదాకా ఉంటాను."

పాలీన్ మళ్ళీ రాలేదు.

రాలేదంటే, రానివ్వలేదు. మార్చి ఆఖరుకి కౌన్సిల్ ఆ ఆఫీసుకి డబ్బు ఆపేసింది. 'తాత్కాలికంగా' అన్నారు. దానికి ముందు జనం అభిప్రాయం అడిగారు, అది వాళ్ళ పద్ధతి. లోర్నా ఏం చేసింది? యూనియన్ మనిషి కదా, చక్కగా ఒక ఉత్తరం రాసి, ఫ్యాక్టరీలో అందరికీ పంచి, రెండొందల పన్నెండు మందితో సంతకాలు పెట్టించి పంపింది. జవాబు మూడు లైన్లు. 'ఒకే పాఠం ఉన్న ఉత్తరాలన్నిటినీ ఒకే అభిప్రాయంగా పరిగణించడమైనది.'

"రెండొందల మందిమి కలిసి ఒక్క మనిషిమా?" అంది విన్నీ. "టాయిలెట్ ముందు క్యూ చూస్తే అలా అనిపించదే!"

అందరూ నవ్వారు. లోర్నా మాత్రం నవ్వలేదు. పాలీన్ నెంబరుకి ఫోన్ చేసింది. 'ఈ నెంబరు వాడుకలో లేదు.' మళ్ళీ చేసింది. పోలీస్ స్టేషన్‌కెళ్తే ఆ కుర్రాడు బదిలీ అయ్యాడన్నారు. ఆ మాట రాసుకోమంటే కొత్త ఆయన ఫైలు చూసి, "మీ వాంగ్మూలం ఉందిగా" అన్నాడు.

విచారణ మేలో అన్నారు, సెప్టెంబరుకి పోయింది. సెప్టెంబరు నుంచి మళ్ళీ వచ్చే మే నెలకి. ఏడాది పైన మూడు నెలలు! మీరు నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తుందా? కార్లీకి డైవా వేసుకున్న కోటు ఎరుపో నీలమో గుర్తులేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదంది. "నేను చెప్పలేను లోర్నా, వాళ్ళు నన్ను ఆడేసుకుంటారు."

అప్పుడు లోర్నా ఆ ఇద్దర్నీ కార్మికుల క్లబ్బులో కూర్చోబెట్టింది. ఆమె నాన్న రేవు కార్మికుడు. ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలిసిన బలం ఒకటే, అందరూ ఒక్క మాట మీద నిలబడటం.

"మనలో ఒకళ్ళు ఒకటి చెప్పి, ఇంకోళ్ళు ఇంకోటి చెప్తే చీల్చేస్తారు. ఏం చెప్పాలో రాసుకుందాం. ముగ్గురం అదే చెప్దాం."

"నువ్వు విన్నావన్నావుగా, ఏదో లెక్కపెట్టుకో అని?" అంది విన్నీ.

"మీరిద్దరూ వినలేదు. తేడా వస్తుంది. తీసేద్దాం."

కాగితం మీద మిగిలింది రెండే వాక్యాలు. *ఆమె చేతి వైపు సూటిగా చూశాడు. చూసి, బలంకొద్దీ తలుపు మూశాడు.* ముగ్గురూ బట్టీ పట్టారు. లైన్లో చేపలు కోస్తూ ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకున్నారు. సాక్షులు విచారణకి ముందు అలా మాట్లాడుకోకూడదని, మాటలు కలుపుకోకూడదని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సిన మనిషి అప్పటికి పక్క ఊరి సూపర్ మార్కెట్లో బిల్లింగ్ దగ్గర కూర్చుంది.

కోర్టు రోజు పక్క తలుపుకి తాళం. అందరూ ఒకే వరండాలో. ఎదురు బెంచీ మీద మాసన్ తమ్ముళ్ళిద్దరు. ఒకడు లేచొచ్చి కార్లీ పక్కన కూర్చున్నాడు, ఏదో చుట్టం లాగా.

"మీ పాప ఏ స్కూలు? సెయింట్ ఆల్డ్రెడ్సేనా? మంచి స్కూలు."

అంతే. ఇంకో ముక్క అనలేదు. అది బెదిరింపని ఎవరు రుజువు చేస్తారు చెప్పండి?

మాసన్ లాయరు మర్యాదస్తురాలు, గొంతు ఎత్తని మనిషి. కార్లీ చెప్పింది. విన్నీ చెప్పింది. తర్వాత లోర్నా.

"చేతి వైపు సూటిగా చూశాడన్నారు. 'సూటిగా'. బలంకొద్దీ. ఇవే మాటలు మీ ముందు ఇద్దరి నోట విన్నామండీ. ఎవరి మాటలివి?"

"మా మాటలే."

"మీరు పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం చదువుతాను. 'నేను వ్యాను వెనక ఉన్నాను. నాకతని వీపు మాత్రమే కనబడింది.' వీపుకి కళ్ళుంటాయా అండీ?"

జ్యూరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. లోర్నా గొంతు పెంచింది. "ఆగండి. నేను విన్నాను. వాడన్నాడు, లెక్కపెట్టుకో, ఎన్ని మిగిలాయో అని!"

"ఏడాది మూడు నెలలుగా ఏ కాగితంలోనూ లేని మాట. ఇప్పుడే గుర్తొచ్చిందా?"

నిజం. ఆ గదిలో లోర్నా చెప్పిన ఒకే ఒక్క నిజం. దాన్నే ఎవరూ నమ్మలేదు. విన్నీ తన కళ్ళతో చూసిన చూపు కూడా అబద్ధాల్లో కలిసి కొట్టుకుపోయింది. మాసన్ నిర్దోషి. సోమవారం తెల్ల వ్యాను మళ్ళీ గేటు ముందు ఆగింది.

డైవాకి వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. కత్తి పట్టలేదు, అట్టపెట్టెలు మడుస్తుంది. ఉండేది ఇప్పటికీ మాసన్ ఇంట్లోనే. ఎక్కడికి పోతుంది? క్యాంటీన్లో లోర్నా ఎదురుపడితే నిలబెట్టి అడిగింది.

"నా చెయ్యి విరిగితే మీరు పద్యం నేర్చుకున్నారు. ముగ్గురూ నిలబడి అప్పజెప్పారు. ఎందుకు?"

"నీ కోసమే అనుకున్నానే తల్లీ."

"నా కోసం అంటే, చూసింది చెప్పాలి."

ఆ రోజు లోర్నా కోసిన చేపల్లో ముళ్ళు మిగిలాయని సూపర్వైజరు తిట్టాడు. తిట్టించుకుంది.

జూలైలో కౌన్సిల్ పాలీన్ ఆఫీసుని శాశ్వతంగా మూసెయ్యడానికి ఓటు పెట్టింది. క్లబ్బులో మీటింగు. గోల గోల.

"మళ్ళీ ఉత్తరమా? మళ్ళీ ఒక్క మనిషిమవుతామా?"

"పోదాం పదండి, గట్టిగా నినాదాలిద్దాం."

"నినాదాలకి మైకు కట్టేస్తారు!"

లోర్నా లేచింది. "నా బుర్ర చెప్పింది విని ఒకసారి మునిగాం. ఇప్పుడు నేనేం చెప్పను. ఎవరి నోటికి ఏది నిజమో అది పట్టుకురండి. కాగితాలు వద్దు."

ముప్ఫై మంది కౌన్సిల్ హాలుకి పోయారు. డైవా కూడా వచ్చి మెట్ల దగ్గర కూర్చుంది. మనిషికి ఒక ప్రశ్న, మూడు నిమిషాలు. లోర్నా అడిగింది, ఆఫీసు ఎందుకు మూస్తున్నారని. సభాధ్యక్షుడు ప్రూడో కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"నిధుల కొరత. అందరికీ సానుభూతి ఉంది. ఇదే ప్రశ్న మళ్ళీ అడగడానికి వీల్లేదు."

విన్నీ లేచింది. "నాది ఇదే ప్రశ్న కాదు నాయనా. నేను వాడి కళ్ళు చూశాను. చెయ్యి కనబడ్డాకే తలుపు లాగాడు. అది నేనెవరికి చెప్పాలి ఇప్పుడు?"

"అది కోర్టు విషయం, కూర్చోండి."

"నేను చెయ్యి చూశాను, మొహం చూళ్ళేదు," అంది కార్లీ లేచి. "వాళ్ళు మా పాప స్కూలు పేరు చెప్పారు. నా పక్కన ఎవరూ లేరు."

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో లేచారు. ఫ్యాక్టరీ మనిషి కాదు, లోర్నాకి ముక్కూ మొహం తెలియదు. "నాలుగేళ్ళ కింద నా మొగుడి మీద కేసు. ఆ పక్క తలుపులోంచే వెళ్ళాను. అది లేకపోతే నేను కోర్టుకి వెళ్ళేదాన్ని కాదు. ఇవాళ బతికుండేదాన్నీ కాదు."

ఇంకొకామె లేచింది. ఇంకొక ముసలాయన. ఒక్కళ్ళ మాట ఇంకొకళ్ళ మాటలా లేదు! ఒకటిగా కలిపి పారేయడానికి కుదర్లేదు. ప్రూడో మైకు కట్టేయించాడు. వాళ్ళు మైకు లేకుండానే చెప్పారు. ఆ గోలలోనే చేతులెత్తించి ఓటు ముగించాడు. ఆఫీసు పోయింది. కౌన్సిల్ సభ్యులు ఎత్తిన చేతులు దించుకుని, వాటితోనే టీ కప్పులు అందుకున్నారు.

హాలు ఖాళీ చేయిస్తూ బంట్రోతు ఒకతను లోర్నా మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాడు. రెండో మెట్టు దగ్గర తూలి వెనక్కి పడ్డాడు. తల పగిలింది, రక్తం. పోలీసులొచ్చారు. ప్రూడో వేలు పెట్టి చూపించాడు. "ఆవిడే తోసింది." లోర్నా చేతులకి బేడీలు పడ్డాయి.

"ఎవరైనా చూశారా?" అన్నాడు పోలీసు.

ముప్ఫై మంది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు, ఏం చెప్దాం, ఏం చెప్దాం అన్నట్టు. తలుపు దగ్గర్నుంచి లోర్నా అరిచింది.

"ఒకళ్ళనొకళ్ళు చూసుకోకండే! ఎవరు చూసింది వాళ్ళు చెప్పండి! చూడనివాళ్ళు చూళ్ళేదని చెప్పండి!"

వంకర వేళ్ళ చెయ్యి ఒకటి లేచింది. డైవా.

"నేను చూశాను. ఆవిడ తొయ్యలేదు. ఆయన కాలికి బ్యాగు తట్టింది. దారిలో పెట్టాను, తప్పు నాదే. ఆ బ్యాగు నాది."

"పేరు? ఎక్కడుంటారు?"

డైవా మాసన్ ఇంటి అడ్రసు చెప్పింది.

విచారణ నవంబరులో. లోర్నాని బెయిలు మీద వదిలారు. డైవా సాక్షి, ఆమెతో మాట్లాడకూడదని షరతు పెట్టారు కాబట్టి, క్యాంటీన్లో ఇద్దరూ చెరో మూల కూర్చుని తింటున్నారు. అడ్రసు సంగతి మాసన్‌కి ఎవరో చేరేశారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు. విన్నీ తన ముందు గదిలో మంచం వేసింది. సాక్ష్యం చెప్తామని ఇప్పటికి పేర్లిచ్చింది ముగ్గురు. మిగతా వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, భయపడ్డారు, అంతే. పక్క తలుపు తాళం ఎక్కడుందో కోర్టులో ఎవరికీ తెలియదు. ఆ వరండా అదే, ఆ బెంచీలు అవే, పక్కన కూర్చోడానికి పాలీన్ లేదు.

ఇప్పుడు మీ సంగతి చెప్పండి. ఆ రోజు ఆ హాల్లో మీరూ ఉన్నారనుకోండి, మెట్ల దగ్గరే ఉన్నారు, ఆ కాలికి బ్యాగు తట్టడం మీ కళ్ళతో చూశారు. మీ పక్కన ఎవరూ ఉండరు, మీ పిల్లల స్కూలు పేరు వాళ్ళకి తెలుసు. పోలీసు కాగితం పట్టుకుని ఎవరు చూశారని అడుగుతున్నాడు. మీరేం చేస్తారు?