అద్దం మీద దిష్టిచుక్క

నాకు కోపం ఎక్కువ. తర్వాత మీరు కనిపెట్టి నాకు చెప్పే శ్రమ లేకుండా నేనే ముందు చెప్పేస్తున్నాను. పుంగనూరులో మా షెడ్డు పక్కన టీ అంగడి ఆయన నేను వస్తుంటే చూసి పాటల శబ్దం తగ్గిస్తాడు. బెంగళూరులో ఉద్యోగం వదిలేసింది కూడా కోపంతోనే. ఆ కంపెనీ పరదేశాల నుంచి కెమెరా మిషన్లు తెప్పించి ఇక్కడి ఫ్యాక్టరీలకు అమ్మేది. బెల్టు మీద పోయే సరుకును కెమెరా చూస్తుంది. సొట్టో, గీతో, తుప్పో ఉన్నదాన్ని పక్కకు తోసేస్తుంది. మందుబిళ్ళల నుంచి కారు బోల్టుల దాకా ఇప్పుడు ప్రపంచమంతా ఇదే పద్ధతి. కొనేది మనవాళ్ళు, అది చెడిపోతే దిక్కులు చూసేదీ మనవాళ్ళే. "ఇది మనమే చేసుకోలేమా?" అని ఒక మీటింగులో అడిగాను. అందరూ నవ్వారు. దినేష్ అనేవాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. మరుసటి వారమే రాజీనామా కాగితం వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేశాను.

మా చిన్నాయన తిమ్మప్పకు పుంగనూరులో వెల్డింగ్ షెడ్డు ఉంది. ఇనుము పని, బెల్టు పని ఆయనది. కెమెరా, కంప్యూటర్ నావి. రోజూ పోట్లాడుకుంటూనే ఇద్దరం కలిసి ఒక మిషన్ నిలబెట్టాం. దాన్ని మొదట మదనపల్లె టమాటా యార్డుకు తీసుకుపోతే, ఒక మండీ యజమాని దాని చుట్టూ గుడికి తిరిగినట్టు తిరిగి, "మా కండ్లు యాడికీ పోలేదులేమ్మా" అన్నాడు. అదే ఊళ్ళో పట్టుదారం తీసేవాళ్ళు మిషన్ వైపు చూడనైనా చూడకుండా టీ ఇచ్చి పంపేశారు.

ఇక మిగిలింది కుప్పం. అక్కడ మామిడి గుజ్జును డబ్బాలకెత్తి పరదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పోయిన ఏడు మూత అంచులు సొట్టపోయాయని ఒక కంటైనర్ సముద్రం దాటి వెళ్ళి, మళ్ళీ సముద్రం దాటి వెనక్కి వచ్చింది. ఈసారి ప్రతి డబ్బానూ కెమెరా చూసి ఉండాలని కొనేవాళ్ళు షరతు పెట్టారు. ఓనరు గంగాధరంగారు ఒకే రోజున రెండు మిషన్లను పరీక్షకు పిలిచారు. ఒకటి మాది, ఇంకొకటి బెంగళూరు నుంచి వచ్చే పరదేశపుది. ఈ ఆర్డరు రాకపోతే మా మిషన్ పని అంతటితో సరి. చిన్నాయన మళ్ళీ గేట్లు, గ్రిల్లులు చేసుకోవాలి. నేను మళ్ళీ బెంగళూరు పోయి దినేష్ నవ్వు వినాలి. ఛీ, అంతకంటే ఘోరం లేదు.

పొద్దున్నే మిషన్‌ను మినీ లారీకెక్కించాం. చూస్తే దాని నెత్తిన నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతోంది.

"ఏంది చిన్నాయనా ఇది? అది కంప్యూటర్. కొత్త లారీ కాదు."

"ఊరూరా తిప్పితిమి, ఎన్ని కండ్లు పడినాయో నీకేం తెలుసు? ఉండనీ పాపా."

పలమనేరు దాకా ఓర్చుకున్నాను. టీ కోసం ఆగినప్పుడు ఆ దండను తెంపి పారేశాను. చిన్నాయన కిమ్మనలేదు. ఆయన అలా ఊరుకుంటే ఏదో ఉందని నాకు తెలిసి ఉండాల్సింది. నేను టీ తాగి వచ్చేసరికి ఆయన బండి మీదికెక్కి టార్పాలిన్ సర్దుతున్నాడు, చాలా బుద్ధిమంతుడిలా.

కుప్పంలో మిషన్ దించి బోల్టులు బిగించీ బిగించగానే గంగాధరంగారు వచ్చి నిలబడ్డారు. ఆయన పక్కన మాలతి. డబ్బాల నాణ్యత చూసే ఆవిడ. కంటైనర్ వెనక్కి వచ్చినప్పుడు నానా మాటలూ పడింది ఆవిడే. వాళ్ళ వెనక నుంచి టై కట్టుకుని వస్తున్నది ఎవరయ్యా అంటే, దినేష్. పరదేశపు మిషన్ వాడిదేనట. నా ఖర్మ.

"కానీమ్మా, సూపించు" అన్నారు గంగాధరంగారు.

బెల్టు కదిలింది. మొదటి డబ్బా వచ్చింది. మిషన్ దాన్ని తోసేసింది. రెండోదాన్నీ తోసేసింది. తళతళలాడే కొత్త డబ్బాలు ఒకదాని వెనక ఒకటి దబదబా పక్కనున్న తొట్టిలో పడుతున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏందమ్మా ఇది, నీ మిషన్‌కు ఒగటి గూడా నచ్చలేదే!" అన్నారు గంగాధరంగారు.

"అది నవనీత మాదిరే సార్. దానికి ఏదీ నచ్చదు" అన్నాడు దినేష్.

నవ్వితే నవ్వనీ అనుకుని తెర మీదికి వంగాను. ప్రతి డబ్బా ఫొటోలోనూ పైన ఎడమ పక్కన ఒక నల్లటి మచ్చ. డబ్బాలు మారుతున్నాయి, మచ్చ మాత్రం అక్కడే ఉంది. అంటే అది డబ్బాల మీద లేదు. బెల్టు ఆపి మిషన్ లోపలికి తల పెట్టాను. ఆవిరి తగలకుండా కెమెరా కింద బిగించిన అద్దం మీద, గుండ్రంగా, నిగనిగలాడుతూ, వేలిముద్రతో సహా, కాటుక చుక్క!

"చిన్నాయనా!"

ఫ్యాక్టరీలో అందరూ పని ఆపి చూశారు.

"అరవద్దు పాపా" అన్నాడు చిన్నాయన, గొంతు తగ్గించి. "పలమనేరులో టీ అంగడి ఆయమ్మ బిడ్డకు దిష్టిచుక్క పెడతా ఉన్నింది. నేనూ రోంత కాటుక అడిగి తెచ్చినా. పైన పెడితే నువ్వు తుడిచేస్తావు గదా. అందుకే ఎవురికీ కనపడని చోటు సూసి పెట్నా."

ఎవరికీ కనపడని చోటట! ఆ మిషన్ మొత్తం మీద కంటికి అడ్డంపడే చోటు అదొక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

అద్దం తుడిచాను. మిషన్ చక్కగా నడిచింది. మంచి డబ్బాను పోనిచ్చింది, సొట్టదాన్ని తోసేసింది. నేను ఊపిరి పీల్చుకునేలోపల మాలతి అడిగింది.

"మేడం, మా దగ్గర గుజ్జు చిందుతానే ఉంటాది. అది అద్దం మీద పడినా ఇట్నే చేస్తాదా?"

పడదని బొంకవచ్చు. కానీ రేపు తొట్టి నిండా మంచి డబ్బాలు పడితే మళ్ళీ మాటలు పడేది ఆవిడే.

"చేస్తుంది" అన్నాను. "కానీ సాయంత్రం దాకా టైమివ్వండి. చేయకుండా చేస్తాను."

"చేసుకో. అంతలోకి దినేష్‌గారిది సూస్తాము" అన్నారు గంగాధరంగారు.

దినేష్ మిషన్ బాగా నడిచింది. అబద్ధమెందుకు, బ్రహ్మాండంగా నడిచింది. గంగాధరంగారి ముఖం వెలిగిపోయింది. అప్పుడు మాలతి ఎవరినీ అడగకుండా వేలు గుజ్జులో ముంచి దాని అద్దం మీద ఒక చుక్క పెట్టింది. మిషన్ ఠక్కున ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది. తెర మీద ఏదో నంబరు వచ్చింది. దినేష్ లావుపాటి పుస్తకం తిరగేశాడు. బెంగళూరుకు ఫోన్ చేశాడు. వాళ్ళు పరదేశానికి ఫోన్ చేశారు.

"ఆ నంబరుకు అర్థమేందప్పా?" అని అడిగారు గంగాధరంగారు.

"అడుగుతున్నాం సార్. అక్కడ ఇంకా ఆఫీసు తెరవలేదంట."

మాలతి తన వేలు కడుక్కుంది. నేను నవ్వలేదు. నాకు అంత తీరిక లేదు. చక్కెర బస్తా మీద కూర్చుని, కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. వరసగా వచ్చే డబ్బాలన్నింటి మీదా మచ్చ ఒకేచోట ఉంటే, తప్పు డబ్బాది కాదు, మిషన్‌ది. ఎదుటివాటిని తోసేసే ముందు మిషన్ తన అద్దాన్ని తాను అనుమానించాలి. ఆగి, తెలుగులో చెప్పాలి. నంబర్లు గింబర్లు వద్దు.

చెప్పే గొంతు కావాలి కదా అని మొదట నాదే పెట్టాను. మాలతి విని తల అడ్డంగా ఊపింది.

"ఇట్ల గదమాయిస్తే ఎవురూ దగ్గరికే రారు మేడం."

చిన్నాయనను పిలిచాను. పొద్దున్నుంచీ గోడవారగా నిలబడి ఉన్నాడు, భోజనానికి కూడా వెళ్ళలేదు. ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని, ఇంట్లో మనిషితో చెప్పినట్టు అన్నాడు: "నా అద్దం మీద మచ్చ పడిండాది. రోంత తుడిసి పెట్టండమ్మా."

సాయంత్రం మళ్ళీ పరీక్ష. మాలతి గుజ్జు చుక్క పెట్టింది. మిషన్ ఆగింది, చిన్నాయన గొంతుతో అడిగింది. పక్క బెల్టు దగ్గర మూతలు సర్దుతున్న ఒకామె పకపకా నవ్వుతూ వచ్చి అద్దం తుడిచి వెళ్ళింది. బెల్టు మళ్ళీ కదిలింది. గంగాధరంగారు తానే ఒక డబ్బా అంచును బొటనవేలితో నొక్కి దొంగచాటుగా మధ్యలో పెట్టారు. మిషన్ దాన్ని తోసేసింది. ఇంకొకటి పెట్టారు. దాన్నీ తోసేసింది.

"తీసుకుంటానమ్మా" అన్నారు. నేను బస్తా మీద కూలబడ్డాను. ఆయన అక్కడితో ఆపితే బాగుండేది. "కానీ ఒగ మాట. ఆ పెద్దాయన మళ్ళా నా గేటు లోపలికి రాగూడదు. ఈపొద్దు కాటుక, రేపు నిమ్మకాయ పిండుతాడు. పరదేశమోళ్ళు తనిఖీకి వస్తారు. నాకు నగుబాటు. గొంతు మటుకు ఉండనీ. గొంతు బాగుండాది."

"అట్నే సార్, అట్నే" అన్నాడు చిన్నాయన వెంటనే. ఇంకెవరో మాట్లాడేస్తారేమోనని భయపడ్డట్టు అన్నాడు. చిన్నాయనను నేను తిడతాను. పొద్దున తిట్టాను, రేపూ తిడతాను. ఇంకొకళ్ళు గేటు బయట నిలబెడితే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

వెళ్ళి మిషన్ ప్లగ్గు పీకేశాను.

"గొంతు కావాలంటే మనిషి కూడా వస్తాడు సార్. లేదంటే రెండూ లేవు. చిన్నాయనా, స్పానర్ ఇయ్యి. బోల్టులు ఊడదీస్తా."

ఆయన స్పానర్‌ను వీపు వెనక దాచుకున్నాడు.

"ఇయ్యను."

"యాల ఇయ్యవు?"

"నీకు పిచ్చి పట్టిండాదా? ఇంగ యాడికి పోతాం మనం? నేను గేట్లు సేసుకుంటాలే. నువ్వు మిషన్ పెట్టు పాపా."

"నువ్వు గేట్లు చేసుకుంటే ఈ బెల్టు ఎవరు చేస్తారు? మీ తాత వచ్చి చేస్తాడా? ఇస్తావా, ఇయ్యవా?"

ఇవ్వలేదు. ఒట్టి చేత్తోనే బోల్టు పట్టుకుని తిప్పాను. ఆయన బిగించిన బోల్టు, చేతికి కదులుతుందా? చర్మం లేచింది గానీ అది కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా రెండో బోల్టు పట్టుకున్నాను.

"సార్" అంది మాలతి. "ఇది నడవకపోతే మాటలు పడేది నేను. నాకు ఇదే కావాల. రేపు బెల్టు తెగితే పుంగనూరు నుంచి వచ్చేది ఆయప్పే. గేటు బయట నిలబడుకోని యెట్ల బాగుచేస్తాడు?"

గంగాధరంగారు నన్ను చూశారు, బోల్టును చూశారు, చిన్నాయనను చూశారు. దినేష్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

"మాలతీ, గేటు పాసులు రాయమ్మా. ఇద్దరికీ."

మాలతి కలం తీసింది. నా పేరు, పక్కన ఇంజనీరు అని రాసింది. రెండో పాసు తీసుకుని చిన్నాయన వైపు తిరిగింది.

"పనేమని రాయాలప్పా? హెల్పర్ అని రాయనా?"

"రాయి తల్లీ" అన్నాడు చిన్నాయన.

"వద్దు" అన్నాను. "మిషన్ చేసినాయన అని రాయండి."

మాలతి రాసింది. చిన్నాయన ఆ పాసును రెండు చేతులతో అందుకున్నాడు. స్పానర్ ఎప్పుడు కింద పడిందో మా ఇద్దరికీ తెలియలేదు.