ఆయనకు మాత్రం తొంభై ఒక్క మెట్లు

ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టాయన పొద్దున్నే స్టూలెక్కితే మధ్యాహ్నం భోజనానికే దిగేవాడు. మీటలు నొక్కడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం. తలుపు మూసుకునేలోపు మెట్లవైపు వెళ్ళేవాళ్ళను చూసి, "సుఖపడ్డం చేతకాని మొహాలు" అని పెదవి విరిచేవాడు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళు పట్టుకుని "అమ్మా" అనేవాడు.

భార్య ఉత్తరాలు పంచే మనిషి. "చెప్పులరగదీయడం కూడా ఒక ఉద్యోగమే!" అని ఆమెనూ ఈసడించేవాడు. యాభై ఏడేళ్ళ ఆవిడ ఆ మాట చెవిన వేసుకోకుండా, సంచి గోడకు తగిలించి చకచకా మేడెక్కిపోయేది.

మేడ మీద కూతురు, అల్లుడు, ఏడాది నిండని మనవరాలు ఉంటారు. రాత్రి భోజనాలన్నీ అక్కడే. పైకి అందరికీ పద్దెనిమిది మెట్లు. లిఫ్టాయనకు మాత్రం ఎక్కని వారానికొకటి చొప్పున పెరిగి తొంభై ఒకటయ్యాయి. కుళాయి కారుతున్నట్టే ఇదీ ఇంట్లో ఒక సంగతి. మీటరు చూడ్డానికొచ్చే మనిషి కూడా "ఎంతకొచ్చాయి సార్?" అని అడిగి వెళ్ళేవాడు. ఆయన కంచం కిందికే వచ్చేది. పిల్లనూ కిందికే తెచ్చేవాళ్ళు. ఎత్తుకోబోతే నడుం పట్టేసి, రెండు నిమిషాల్లో తిరిగిచ్చేసేవాడు.

నొప్పులని వెళ్తే, ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన కాళ్ళు వంచి, చాచి చూసింది. "కీళ్ళకేం పర్లేదు సార్. కండ చచ్చుబడింది. ఇవాళ ఐదు మెట్లు, రేపు ఆరు, అలా పెంచుకుంటూ పోండి."

"ఈ ముక్క చెప్పడానికి అంత చదువెందుకమ్మా?" అన్నాడు. ఆమె రాసిచ్చిన వ్యాయామాల కాగితాన్ని మడిచి, స్టూలు ఊగకుండా దాని కాలి కింద పెట్టుకున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం మేడ మీద ఒకటే కేకలు. "నడిచింది! నాన్నా, పిల్ల నడిచింది!"

"ఇలా తీసుకురండి, చూస్తాను!" అని కింద నుంచి అరిచాడు.

భార్య పిట్టగోడ మీంచి తొంగి చూసింది. "దాని అడుగులు మీకు పొట్లం కట్టి పంపాలా? ఎక్కి రండి."

రోషమొచ్చి ఎక్కాడు. ముప్పయ్యో మెట్టుకు తొడలు వణికాయి. నలభై రెండో మెట్టు మీద కూలబడ్డాడు. మిగతావి చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకాడు.

"ఇప్పుడే పడుకుంది మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఆరడుగులేసింది."

"నడవడం కూడా వింతేనా? అందరూ నడుస్తారు," అన్నాడు లిఫ్టాయన.

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది. "అందరూ కాదు," అంది.

ఆ రెండు మాటలూ లోపల ముల్లులా దిగాయి. మర్నాడు స్టూలు కాలి కింది కాగితం లాగి దులిపాడు. మధ్యాహ్నం, జనం లేనప్పుడు, దొంగలా ఒక అంతస్తు ఎక్కేవాడు. ఎవరైనా ఎదురైతే "లిఫ్టు బాగాలేదు" అని అబద్ధమాడేవాడు. మొదటి నెల నొప్పి తగ్గలేదు సరికదా, పిక్కలకు కొత్తగా మరోటి తోడైంది. తిట్టుకుంటూనే ఎక్కాడు. ఇంటి మెట్లు వారానికొకటి, ఒక్కోసారి రెండూ తగ్గాయి. ఏడాది తిరిగేసరికి ముప్పై ఐదు. స్టూలు మీంచి లేస్తే "అమ్మా" అనడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలీదు.

ఒక సాయంత్రం మనవరాలు కిందికొచ్చి ఆయన వేలు పట్టుకుంది. ఇద్దరూ కలిసే ఎక్కారు. పద్దెనిమిదో మెట్టు దాటగానే పిల్ల మేడ మీద ఉంది. ఆయనకింకా పదిహేడున్నాయి.

"తాతా, దా!"

"వస్తున్నానే! అచ్చం అమ్మమ్మ పోలిక, ఒక్క క్షణం ఆగదు."

పిల్ల పైన చతికిలబడి ఆయన ఎక్కే ప్రతి మెట్టూ లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, ఒకటి, రెండు." మూడు ఇంకా రాదు దానికి.

భోజనాలకు చాప పరిచి ఉంది. కూతురు కుర్చీ తేబోతే ఆయన వద్దన్నాడు. గోడ పట్టుకుని, మోకాళ్ళు మెల్లిగా మడిచి, అందరితో పాటు నేల మీద కూర్చున్నాడు. పిల్ల వచ్చి తన సొంత ఆస్తిలా ఒళ్ళోకెక్కింది.

"కూర్చున్నారు సరే," అంది భార్య కంచం ముందుకు తోస్తూ. "లేవగలరా?"

"లేవమని ఎవరన్నారు?" అన్నాడు లిఫ్టాయన.