రామబ్రహ్మం వాడిన పాత మాట

పక్కవాడు నవ్విస్తుంటే నవ్వనివాళ్లలో కొందరికి హాస్యం అర్థం కాదు, కొందరికి కడుపుమంట. రామబ్రహ్మానిది కడుపుమంటే.

హైటెక్ సిటీ దగ్గర కొత్తగా వెలిసిన ఆఫీసు వాళ్లది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలను హెడ్‌ఫోన్లలో విని టైపు చేయడం అక్కడి పని. తప్పుల్లేకుండా టైపు చేయడంలో బాపట్ల నుంచి వచ్చిన రామబ్రహ్మమే మొదటివాడు. కొత్త బ్యాచికి ట్రైనర్ ఉద్యోగం తనదేనని ఎప్పటి నుంచో ఆశ పెట్టుకున్నాడు. ఇంతలో బాలానగర్ నుంచి నతానియేల్ దిగబడ్డాడు.

నతానియేల్ భోజనం వేళ డాక్టర్ల గొంతులు దించేసేవాడు. ఏదో నములుతూ చెప్పే డాక్టరు, ముక్కు దిబ్బడేసిన డాక్టరు, వాక్యం మధ్యలో కుక్కను అదిలించే డాక్టరు. అందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని అతని చుట్టూ మూగేవాళ్లు. మేనేజరు జయంతి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. రామబ్రహ్మం ఇన్నాళ్లు ఒళ్లొంచి పనిచేసినా ఆమె ఒక్కసారీ అంత ముఖం విప్పలేదు. ఆ నవ్వు వినబడితే అతనికి ముద్ద దిగేది కాదు.

ట్రైనర్‌గా నతానియేల్ అయితే బాగుంటాడేమోనని జయంతి అన్నదని తెలిసిన రోజు రామబ్రహ్మం డిక్షనరీ తిరగేశాడు. కోతిచేష్టలు అని ఫిర్యాదు చేస్తే కుళ్లుబోతని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అంటే అది అభిప్రాయం అవుతుంది. వెతగ్గా వెతగ్గా ‘క్లౌనేజ్’ దొరికింది.

"మేడమ్, ఆఫీసులో ఈ క్లౌనేజ్ ఏంటండీ? అంటే విదూషకుడి చేష్టలండి. పాత మాట, ఇప్పుడెవరూ వాడరు."

"ఎవరూ వాడని మాట మీకెందుకండీ?" అని జయంతి నవ్వింది.

"వచ్చే వారం క్లయింట్లు వస్తున్నారు కదండీ. వాళ్ల డాక్టర్లని మనం వెక్కిరిస్తున్నామని తెలిస్తే కాంట్రాక్టు నిలుస్తుందా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. మర్నాడే నతానియేల్‌ను పిలిచి ఆ అనుకరణలు మానమంది. ట్రైనర్ ఉద్యోగం రామబ్రహ్మానికి ఇచ్చింది.

"సరే మేడమ్, ఇగ జెయ్య" అన్నాడు నతానియేల్. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. అడిగి పోట్లాడితే రామబ్రహ్మానికి కాస్త హాయిగా ఉండేది.

మొదటి క్లాసులో రామబ్రహ్మం ఆ నమిలే డాక్టరు రికార్డింగు వినిపించాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ వినిపించి, ఆయన అన్నది బోర్డు మీద రాశాడు.

"మీరు రాస్తే తెలుస్తుంది సార్, వింటే తెలుస్తలేదు" అంది ప్రశాంతి అనే అమ్మాయి. "నతానియేల్ అన్న లెక్క జర జేసి చూపించండి. నోరు ఎట్ల తిరుగుతదో చూస్తే మాట దొరుకుతదంట. ఈడ పనిజేసే మా అక్క గట్లనే నేర్చుకుంది."

రామబ్రహ్మం గతుక్కుమన్నాడు. తను చేష్టలనుకున్నవి ఇక్కడివాళ్లకు పాఠాలన్నమాట. గత్యంతరం లేక బుగ్గ ఉబ్బించి, దవడ ఆడించి ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు సరికదా, జాలిపడినట్టు ఎవరూ నవ్వనైనా నవ్వలేదు.

అప్పుడే నతానియేల్ తలుపు దాటి వెళ్తూ ఆగాడు. చూశాడు. పగలబడి నవ్వడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

"దవడ కాదన్నా, నాలుక జర వెనక్కి పెట్టు" అన్నాడు మెల్లగా. "మెల్లగ అను, వస్తది."

రామబ్రహ్మం అలాగే అన్నాడు. అచ్చం ఆ డాక్టరే పలికాడు. క్లాసంతా ఘొల్లుమంది, అందరి వేళ్లూ కీబోర్డుల మీద పరుగెత్తాయి. నతానియేల్ తృప్తిగా తలూపి తన సీటుకు వెళ్లిపోయాడు.

రామబ్రహ్మం సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నతానియేల్ హాస్యం చూసి ఏడిస్తే ఉద్యోగమైనా దక్కింది. ఇప్పుడు అతని మంచితనం చూసి ఏడుస్తున్నాడు, ఎంత ఏడ్చినా అందులో తనకు దక్కేదేమీ లేదు.