చీటీలో రాయని గీత

ఫోను మోగేసరికి ఆమె చేతులకి మైనం, అతని చేతులకి చెక్కపొట్టు. ఎవరి చేయి తక్కువ మురికో ఇద్దరూ ఒక క్షణం పోల్చి చూసుకుని నవ్వుకున్నారు. చివరికి అతనే మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"మీ గిటారు మా పిల్లలకి తెగ నచ్చేసిందండీ," అంది బడిలో సంగీతం చెప్పే టీచరు. "ఇంకో ఆరు కావాలి. ఇకమీదట మా బడికి మీరే ఇవ్వాలి."

అతను ఉన్నచోటే గిర్రున తిరిగాడు. నెత్తిమీది పొట్టు గాల్లోకి లేచి, కిటికీ ఎండలో మెరిసింది. పెళ్లయి నాలుగు నెలలే. ఇలాంటివన్నీ ఆమెకింకా పండగలాగే ఉన్నాయి.

గీత పడిందనో, వార్నిషు కారిందనో ఫ్యాక్టరీవాళ్లు పక్కన పెట్టేసిన గిటార్లని గోడౌనులో సగం ధరకి కొని, ఈ ముందుగదిలో బాగుచేసి అమ్మడం వాళ్ల పని. గిటారు మెడ మీది ఇనప మెట్ల అంచులు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో రాస్తాడు అతను. ఉప్పు కాగితం, మైనం, రంగు ఆమెవి. అన్నీ అయ్యాక ఏం లోపం ఉండేదో, ఏం చేశారో ఒక చీటీ మీద రాసి గిటారు పొట్టలో, రంధ్రంలోంచి కనబడేలా అంటిస్తారు. ఆ ఆలోచన అతనిది. దస్తూరీ ఆమెది.

"అసలు నేను నమ్మింది ఆ చీటీని చూసే," అంటోంది టీచరు. "ఉన్న లోపం ఉన్నట్టు రాసి అమ్మేవాళ్లని ఎక్కడా చూళ్లేదు. గట్టి తీగలు తెప్పించా, సాయంత్రం బిగిస్తాను. రేపు మా పిల్లల్లో పొట్టిది దాన్నే పట్టుకుని స్టేజీ ఎక్కుతుంది."

ఆమె చేతిలోని మైనం గుడ్డ జారిపోయింది.

ఫోను పెట్టేయగానే అతను లోపలికి కేకేశాడు. "అమ్మా! నీ కోడలు ఏరి తెచ్చిన గిటారు ఆరింటిని పిలిచింది!"

"సంతోషం," అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి. "నా దువ్వెనలో చెక్కపొట్టు, నా దిండు కింద తీగలు బిగించే బిరడాలు. రేపు మనవడు పుడితే వాడికీ మైనం పూసి మెరుగు పెడతారా ఏంటి?"

అతను పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

ఆ గిటారు గోడౌనులో ఆమె సొంతంగా ఎంచిన మొదటిది. "మా ఆవిడ కన్ను చూశారా!" అని అతను దారిలో కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత వార్నిషు గీకుతుంటే, తలా మెడా కలిసేచోట వెంట్రుకంత పగులు బయటపడింది. పై గీత కాదు, చెక్కలోనే ఉంది. వేలితో తడితే మిగతాచోట్లలా మోగలేదు, మొద్దుగా పలికింది. పగుల్లోకి జిగురు దించి, ఒక రోజంతా బిగించి ఉంచాల్సింది. కానీ అతని కంట పడకుండా, అతను బజారు నుంచి వచ్చేలోపే బిగింపు విప్పేసి, పైన రంగు దిద్దేసింది. చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "వెనక గీత ఒకటి. పూడ్చాం."

గట్టి తీగల లాగుడుకి ఆ మెడ విరిగితే, తల వెళ్లి తగిలేది పొట్టిదాని మొహానికే.

అత్తగారు లోపలికి వెళ్లేదాకా ఆగింది. ఆవిడ ఎదుట 'మీరు', ఇద్దరే ఉంటే 'నువ్వు'. అది వాళ్ల లెక్క. ఇప్పుడు మాత్రం నోటికి 'మీరే' వచ్చింది.

"మీతో ఒకటి చెప్పాలి."

"ఏంటీ, మర్యాద ఎక్కువైంది?"

చెప్పింది. అతని నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. బల్ల మీది బిరడా తీసి, అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

"నేనూ తట్టి చూశానుగా? నాకేం వినబడలేదు."

"అప్పటికి పైపైన జిగురు పట్టేసింది."

"పగులు మన కంట పడలేదంటే చెప్పుకోగలను. చూసీ రాయలేదంటే టీచరుకి ఏం చెప్పమంటావ్?"

"నువ్వంత పొంగిపోతుంటే, నా కన్ను మోసపోయిందని ఎలా చెప్పను?"

"నాకు చెప్పకపోవడమే బాధగా ఉంది," అన్నాడు అతను. బిరడాని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"వెయ్యి అబద్ధాలాడి పెళ్లి చెయ్యమన్నారు గానీ," చివరికి గొణిగాడు, "గిటారు అమ్మమన్లేదు."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అతను దగ్గరికి రాలేదు. ఫోను మాత్రం బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"ఆరూ పోతాయేమో," అందామె.

"పోనీ. ముందు ఆవిడ తీగలు బిగించకూడదు."

టీచరు ఎత్తేదాకా నాలుగుసార్లు మోగింది.

"నమస్తే అండీ, గిటారు వాళ్లమే. కొత్త తీగలు బిగించకండి, ఉన్నవి కూడా వదులు చేసెయ్యండి. అందులో చీటీ మీద నేను రాయని పగులు ఒకటుంది. తప్పు నాదే." అతని వైపు చూసింది. అతను గోడకి వేలాడుతున్న తన సొంత గిటారు దించి, తీగల దుమ్ము తుడుస్తున్నాడు. "రేపు బడి గంట కొట్టేలోపు మేమిద్దరం వస్తాం. పాప వాయించడానికి ఇంకోటి పట్టుకొస్తాం, ఆ పగిలినదాన్ని తీసుకెళ్తాం. ఆ తర్వాత ఆ ఆరింటి సంగతి మీ ఇష్టం."