మేనల్లుడి బొటనవేలు

మేనల్లుడు వైద్యం చేసే తీరు చూసి, వాడికి ఆక్యుపంక్చర్ నేర్పిన అత్తకి రోత పుట్టింది. పక్కటెముకల కింద ఉండే అలారం పాయింట్‌ని మెత్తగా నొక్కాలి. అప్పుడు కూడా నొప్పి పుడితేనే లోపల పిత్తాశయంలో తేడా ఉన్నట్టు. వీడేమో పెంచిన గోరుతో సహా బొటనవేలు కసుక్కున దింపుతాడు. మనిషి కెవ్వుమనగానే "మీ పిత్తాశయం పాడైంది" అని సూదులు గుచ్చుతాడు. పొద్దుట్నుంచి వచ్చిన ఎనిమిది మందికీ అదే జబ్బు! ఛీ, సిగ్గుండొద్దూ?

గది ఖాళీ కాగానే అత్త వాణ్ణి బల్లమీద పడుకోబెట్టి, వాడిలాగే నొక్కింది. వాడు కెవ్వుమన్నాడు.

"నీదీ పాడైందిరా," అంటూ అత్త సూది తీసింది.

"నాకే రోగమూ లేదత్తా! నువ్వే గట్టిగా నొక్కావు!"

అత్త సూది పక్కన పడేసి, ఫోన్ వాడి చేతిలో పెట్టింది.

"ఈ ముక్కే ఆ ఎనిమిది మందికీ చెప్పు."