ఆ మోకాలు ఎవరిది?

"ఇంకాస్త," అన్నాడతను.

బల్ల మీద పడుకున్న లారీ డ్రైవరు పళ్లు బిగించాడు.

"ఇంకాస్త! అదేం మోకాలయ్యా, తుప్పు పట్టిన గేటా?" మడమ పట్టుకుని తొడవైపు ఒక్క నెట్టు నెట్టాడు. డ్రైవరు కెవ్వుమన్నాడు. మోకాలి పక్కన ప్లాస్టిక్ కోణమాని ఆనించి, అంకె చూసుకుని, అప్పుడు వదిలాడు. "అరవడానికున్న ఓపిక వంచడానికి ఉండదు," అని చేతులు తుడుచుకున్నాడు.

ఆసుపత్రిలో అతన్ని అందరూ ఇంకాస్త మామ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత గుండె ఎవరికుంది? పొట్టి మనిషి, లావుపాటి మణికట్లు, నవ్వితే ఆస్తి పోతుందన్నట్టు బిగించిన మూతి. మార్పిడి చేసిన మోకాళ్లు ఎంత వంగుతున్నాయో కొలవడం అతని ఉద్యోగం. అతని తండ్రి కాలు విరిగి బిగుసుకుపోయి, పోయేదాకా దాన్ని చాచుకునే కూర్చున్నాడు, అన్నానికి కూడా పక్కకి తిరిగి. అది చూస్తూ పెరిగినవాడికి వంగని కాలంటే ఒళ్లు మంట.

ఈమధ్య ఆ మంట మరీ ఎక్కువైంది. రెండు రకాల కృత్రిమ మోకాళ్లలో ఏది మేలో తేల్చడానికి చాలా ఆసుపత్రులు కలిసి పరిశోధన మొదలుపెట్టాయి. ఒకచోట మోకాలి మడత, అంటే ఎంత వంగుతుందో కొలిచారు, ఒకచోట నడక, ఇంకోచోట మెట్లెక్కడం. ఎవరి గోల వాళ్లది, పక్కపక్కన పెడితే పొంతన లేదు. దాంతో పరిశోధన నడిపే పెద్దలు కూర్చుని అందరికీ ఒకే కొలత ఖాయం చేశారు. నొప్పి ఎంత, పనులు చేసుకోగలుగుతున్నారా, తృప్తిగా ఉందా, మళ్లీ కోయాల్సి వచ్చిందా, వేరే ఉపద్రవం ఏదైనా వచ్చిందా, ప్రాణం పోయిందా. అన్నిచోట్లా అవే ప్రశ్నలు, అవే మాటలు. జవాబు రోగి నోటినుంచే రావాలి. మడత సంగతి మీ ఇష్టం, కొలిస్తే కొలవండి, లేకపోతే మానండి అన్నారు.

"ప్రాణం పోయిందా అని కూడానా? వాణ్ణే అడగాలా?" అని క్యాంటీన్లో దొరికిన ప్రతివాడి మీదా విరుచుకుపడ్డాడు.

ఇవాళ అతని భార్య వంతు. ఆ పరిశోధనలో ఆమె కాలూ ఉంది. అతని లెక్కలో ఆ ఆసుపత్రి మొత్తానికి అంత బాగా వంగే మోకాలు ఇంకోటి లేదు. ఎందుకు వంగదు? ఏడాదిగా రోజూ ఉదయం మంచం మీద కూర్చుని తానే వంచాడు. ఆమె దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది. కిందటిసారి ప్రశ్నలడిగే నర్సుకి జవాబులన్నీ తనే చెప్పాడు. "మా ఆవిడ సంగతి నాకు తెలీదా, రాసుకో." తోటి ఉద్యోగి కదా అని ఆ పిల్ల మొహమాటపడి రాసేసింది. పైవాళ్లు ఆ పిల్లను ఉతికి ఆరేశారు.

ఈసారి భార్య తన నోటితో బాగుందని ఒక్క మాటంటే చాలు, మడత ఎందుకన్న పెద్దల నోళ్లు మూతపడతాయి. పొద్దున బయల్దేరేముందు అదే నూరిపోశాడు. "నొప్పి లేదను. తృప్తిగా ఉందను. నా పరువు తియ్యకు."

మధ్యాహ్నం ఆమెను వాళ్లక్క ఆటోలో తీసుకొచ్చింది. ఆ అక్కకూ అతనికీ ఉప్పూ నిప్పూ. నర్సు తెర లాగింది.

"అన్నయ్యా, మీరు బయటికెళ్లాలి."

"నా గదిలోంచి నన్నే పొమ్మంటావా?"

"ఇప్పుడు మీరు ఉద్యోగి కాదు, మొగుడు. మొగుళ్లు బయటే."

తెరకి చెవి ఆనించి నిలబడ్డాడు.

"పోయిన వారంలో మోకాలి నొప్పి ఎలా ఉంది?" నర్సు చదివింది.

"భరించలేనంత," అంది భార్య. ఆగి, "పొద్దున ఆయన వంచుతారు. సాయంత్రం దాకా సలుపుతూనే ఉంటుంది."

"ఆపరేషన్ వల్ల తృప్తిగా ఉందా?"

"లేదమ్మా."

తెర చిరిగేట్టు లాగి లోపలికొచ్చాడు. "అబద్ధం! పచ్చి అబద్ధం! నర్సూ, పెన్ను కింద పెట్టు. వంచి చూపిస్తాను, నీ కళ్లతో చూడు!" భార్య మడమ పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యవయ్యా!" అక్క అరిచింది.

భార్య అరవలేదు. "వంగుతుందండీ, ఎవరు కాదన్నారు? వంగేది మీకు, నొప్పి నాకు. ఏడాదిలో ఒక్కరోజైనా నొప్పిగా ఉందా అనడిగారా? ఈ అమ్మాయి ఎవరో ఏమో, అడిగింది."

"అడిగితే ఏం చేస్తావ్? ఏడుస్తావ్! ఏడిస్తే కాలు బిగుస్తుంది!"

ఆ మాట అనేశాక మడమ మీది అతని చెయ్యి దానంతటదే వదులైంది. నర్సు తలెత్తకుండా రాసుకుంటోంది.

భార్య నెమ్మదిగా బల్ల దిగింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "పదక్కా."

"ఇంటికేనా?" అన్నాడు.

"అక్క వాళ్లింటికి."

"ఎన్నాళ్లు?"

ఆమె అప్పటికే గుమ్మం దాటేసింది. అక్క భుజం పట్టుకుని వరండాలో నడుస్తోంది. బాగానే నడుస్తోంది, అతని కళ్లు పాడుగాను, అప్పుడు కూడా అవి మడతే చూశాయి.

"రేపు వంచకపోతే బిగుసుకుపోతుందే!" గుమ్మంలోంచి కేకేశాడు. భయం వేసింది, దాన్నీ తిట్టులాగే అన్నాడు.

"బిగుసుకోనివ్వండి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

నర్సు కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది. బయట ఎవరో ముసలాయన కర్ర టకటకలాడిస్తూ తనని ఎప్పుడు పిలుస్తారని అడిగాడు.

"ఇవాళ కొలతలు లేవు, పో!" అని తలుపు మూశాడు.

బల్ల మీద, ప్రశ్నల కోసం కూర్చున్నప్పుడు ఆమె విప్పి పెట్టిన మోకాలి పట్టీ ఉంది, అతను కొనిచ్చిందే, లోపలివైపు బయటికి తిరిగి, ఇంకా చెమట తడి ఆరకుండా.